మొదటి వరుసలో నా పేరు రాయి

రియాద్,
సెప్టెంబరు 6

సంధ్యకు,

కాగితం మీద రాసి, గదిలో ఉండే మన లింబాద్రి ఫోన్‌తో ఫోటో తీయించి పంపుతున్నాను. నా ఫోన్ సంగతి చెప్పాను కదా. కొత్త సైటులో సిగ్నల్ లేదు, ఉన్నా గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటున్నారు. కొన్నాళ్లు ఇలాగే. నువ్వూ కాగితం మీదే రాసి వాడికి పంపు. వాడు చదవడు. చదివినా వాడికి సిగ్గు లేదు, మనకెందుకు?

అసలు మాటకు వస్తాను. నువ్వు మండల మహిళా సమాఖ్య అధ్యక్ష పదవికి నిలబడ్డావట. ఈ మాట నాకు ఎవరు చెప్పారు? నువ్వు కాదు. లింబాద్రి భార్య లింబాద్రికి చెప్పింది. వాడు పప్పులో తాలింపు వేస్తూ నాకు చెప్పాడు.

"నీ పెండ్లాం ఉమారాణి మీద నిలవడ్డది. నీకెరుక లేదా?"

"ఎరుకే" అన్నాను. ఏమంటాను మరి?

ఉమారాణి రెండుసార్లు గెలిచిన మనిషి. వాళ్లాయన మండలంలో పెద్ద లీడరు. వాళ్లతో మనకెందుకు? సరే, నిలబడ్డావు కాబట్టి వద్దనను. కానీ కేబుల్ చానెల్ వాళ్లు మీ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ముఖాముఖి పెడతారట కదా, దానికి మాత్రం వద్దు. నలుగురిలో ఆమె ఏమైనా అంటుంది, వద్దు. నీకు కోపం ఎక్కువ, వద్దు. అది ఫోన్లలో కూడా వస్తుందట, ఇక్కడి వాళ్లందరూ చూస్తారు, వద్దు. జ్వరమని చెప్పి తప్పుకో. టీవీ లేకుండా ఓట్లు పడవా?

అమ్మను అడిగానని చెప్పు.

నాగేందర్

*

రాగిపల్లి,
సెప్టెంబరు 11

బావకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వద్దు, వద్దనను, వద్దు, వద్దు, వద్దు. నీకు ముందే ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసిందా? చెబితే ఈ వద్దులు అప్పుడే వచ్చేవి.

ఎందుకు నిలబడ్డానో విను. మొన్నటి యాసంగిలో మన కొనుగోలు కేంద్రంలో పదకొండు ఊళ్ల వడ్లు ఆరబోసి ఉన్నాయి. పట్టపగలు మబ్బు పట్టింది. టార్పాలిన్లు సమాఖ్య గోదాములో ఉన్నాయి, తాళంచెవి ఉమక్క భర్త జేబులో ఉంది, ఆయన కరీంనగర్‌లో పెళ్లికి పోయాడు. అధ్యక్షురాలు ఆమె, తాళంచెవి ఆయనది. ఫోన్ చేస్తే "వస్తున్నం, ఆగుండ్రి" అన్నాడు. వాన ఆగుతుందా? సగం వడ్లు తడిశాక నేనే బండరాయి తీసుకుని తాళం పగలగొట్టాను. మిగిలిన సగం దక్కాయి. మరునాడు మీటింగులో ఆయన లేచి, నేను సమాఖ్య ఆస్తి ధ్వంసం చేశానని తీర్మానం రాయించాడు. ఉమక్క తలొంచుకుని సంతకం పెట్టింది. నేను ఆ రోజే అనుకున్నాను.

ఓటు వేసేది ముప్పై ఎనిమిది ఊళ్ల సంఘాల అధ్యక్షురాళ్లు. అందరికీ వాళ్లాయనంటే భయం. ఇంటింటికీ తిరిగి ఆ భయం పోగొట్టడం నా వల్ల కాదు. టీవీలో ఉమక్క ఒక్కతే కూర్చోవాలి, ఆయన పక్కన ఉండకూడదు. అప్పుడు చూస్తారు. అందుకే ముఖాముఖి నాకు కావాలి.

అత్తమ్మ రోజూ ఉమక్క వేషం కట్టి నన్ను ప్రశ్నలు అడుగుతోంది. నిన్న మరీ వేషంలో లీనమై, "నీకు గడియ సేపు పొయ్యి కాడ నిలవడ రాదు, మండలం ఏలుతవా?" అంది. అది ఉమక్క మాట కాదు, అత్తమ్మ సొంత మాట. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

బావా, ఇక నీ సంగతి. మూడు నెలలుగా నీ ఫోన్ లేదు. ఎంత పెద్ద సైటుకైనా గేటు ఉంటుంది. గేటు బయట సాయంత్రం ఉంటుంది. టీవీ ఎందుకు వద్దో ఒక్క కారణం రాయి. నిజమైన కారణం ఒక్కటి రాస్తే, నేను ఆలోచిస్తాను.

సంధ్య

*

రియాద్,
అక్టోబరు 3

సంధ్యకు,

కారణం ఏమీ లేదు. నీ మంచికే చెప్పాను. గోదాము తాళం సంగతి చదివి లింబాద్రి గంతులేశాడు. చదవనన్నాడు కానీ చదివాడు.

సరే, పో. నీళ్లు పక్కన పెట్టుకో. ఆమె గొంతు పెంచితే నువ్వు తగ్గించు. నా గురించి ఎవరైనా అడిగితే, కంపెనీలో తాపీ మేస్త్రీ, బాగున్నాడు అని చెప్పి వడ్ల మీదికి మాట మళ్లించు. ఎక్కువ చెప్పకు.

వచ్చే శుక్రవారం మాకు సెలవు. గదిలో అందరం చూస్తాం. ఇస్సాక్ భాయ్ కూడా వస్తానన్నాడు. కడప ఆయన, ఇక్కడ ఆసుపత్రి వాళ్లకు బండి నడుపుతాడు, తెలుగు మాట వినబడితే ఊరు దాటి వస్తాడు.

నాకు కొంచెం భయంగా ఉంది. నీ కోసమే.

నాగేందర్

*

రియాద్,
అక్టోబరు 10, శుక్రవారం

సంధ్యకు,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గంట నుంచి కాగితం ముందు కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు ఆ కుర్చీలో ఉన్నావు, ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు కదా.

ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. మా గదిలో ఉండే పాకిస్తానీ ప్లంబర్ నయీమ్ జుమ్మా నమాజు నుంచి అప్పుడే వచ్చాడు. ఇస్సాక్ భాయ్ పెద్ద పళ్లెం నిండా బిర్యానీ తెచ్చాడు. లింబాద్రి తన ఫోన్‌ను గోడ మీది టీవీకి కలిపాడు. తెర మీద నువ్వు వచ్చావు. నీ ముఖం అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. ఎనిమిది మంది ఒక్కసారి "అరే!" అన్నారు. నాకు ఏడుపు వచ్చి, బిర్యానీలో మిరపకాయ తగిలిందని చెప్పాను.

నయీమ్‌కు, ఇద్దరు బెంగాలీ తమ్ముళ్లకు నేను హిందీలో చెబుతున్నాను. వడ్లలో తేమ ఎంతవరకు ఉండవచ్చని యాంకర్ ఉమారాణిని అడిగాడు. ఆమె కెమెరా పక్కకు చూసింది. వాళ్లాయన అక్కడ నిలబడి వేళ్లు చూపిస్తున్నట్టున్నాడు. "పది... పన్నెండు... పదిహేను" అని వేలంపాట పాడింది. నువ్వు తల ఎత్తకుండానే "పదిహేడు దాటితే తిప్పి పంపుతరు" అన్నావు. నయీమ్ తొడ కొట్టాడు. నీ గోదాము తాళం కథ చెప్పేటప్పుడు నేను కొంచెం ఎక్కువే చెప్పాను. నువ్వు ఒక్క దెబ్బతో తాళం పగలగొట్టావని, ఉమారాణి మొగుడు పారిపోయాడని చెప్పాను. లింబాద్రి అడ్డం వచ్చాడు.

"ఆమె గట్లెప్పుడన్నది రా?"

"నువ్వు ఊకో. నా పెండ్లాం, నా ఇష్టం" అన్నాను.

అంత సంతోషంలో ఉన్నాను. అప్పుడు ఉమారాణి ఆ మాట అంది.

"మండలం ముచ్చట తర్వాత, సంధ్యా. ముందు నీ ఇంటి ముచ్చట చెప్పు. నీ మొగడు నాగేందర్ సౌదిల కంపెనీ నుంచి పారిపోయిండు. ఆయన మీద హురూబ్ పెట్టిండ్రు. దొంగ లెక్క దాసుకొని తిరుగుతున్నడు. ఇల్లు సక్కగ పెట్టుకోనిది ముప్పై ఎనిమిది ఊర్లు సక్కగ పెడ్తదా?"

గంటసేపు సాగిన ఆ తెలుగులో, గదిలో అందరికీ నేను చెప్పకుండానే అర్థమైన మాట అదొక్కటే. హురూబ్. పనివాడు పారిపోయాడని కంపెనీ సర్కారుకు రాసివ్వడం. ఇక్కడ ఆ మాటకు పాకిస్తానీ, బెంగాలీ, మనవాడు అన్న తేడా లేదు. అందరి తలలు నా వైపు తిరిగాయి. లింబాద్రి ఒక్కడే నేల చూశాడు, వాడికి ముందే తెలుసు.

నేను ఎవరినీ చూడలేదు. నీ ముఖమే చూశాను. నీకు తెలియదన్న సంగతి నీ ముఖంలో కనబడింది. నాలుగు గోడల మధ్య నేను చెప్పవలసిన మాట నీకు జనం మధ్య తెలిసింది. ఆ అన్యాయం చేసింది ఉమారాణి కాదు, నేను. నేను లోపల లెక్కపెట్టాను. పదకొండు దాకా నువ్వు మాట్లాడలేదు. జ్వరమని చెప్పి తప్పుకోమన్నాను కదా అని కూడా ఒక పాడు ఆలోచన వచ్చింది. నిజం రాస్తానన్నాను కాబట్టి అదీ రాస్తున్నాను.

తర్వాత నువ్వు నీళ్లు తాగావు.

"ఈ ముచ్చట నాకు ఇప్పుడే ఎరుకైంది. టీవీ ముంగట అబద్ధం ఆడ. మా ఆయన దొంగ కాదు. పదకొండేండ్ల సంది సిమెంటు కలుపుతున్నడు. ఏమైందో నేను తెలుసుకుంట. ఉమక్కా, నిన్ను ఒక్కటి అడుగుత. నీకెప్పుడు ఎరుకైంది?"

ఆమె గర్వంగానే చెప్పింది. "మా తమ్ముడు గదే కంపెనీల ఉన్నడు. మూడు నెల్ల కిందనే చెప్పిండు."

"మూడు నెల్లు!" అన్నావు నువ్వు. గొంతు పెంచలేదు. "నీ మండలం ఆడిమనిషి మొగడు పరాయి దేశంల ఆపదల ఉన్నడు. నీకెరుక. నేను రోజు నీ ముంగట నుంచే కేంద్రానికి పోతున్న. గా దినం నా చెవుల ఒక్క మాట వేస్తే, ఆయన ఈపాటికి ఇంట్ల ఉండెటోడు. నువ్వు చెప్పలే. టీవీ దాక దాసిపెట్టినవ్. ఆపద ఎరుకైతే సాయం చేసేది అధ్యక్షురాలా, ఓట్ల కోసం మూట కట్టి దాసేది అధ్యక్షురాలా?"

ఉమారాణి కెమెరా పక్కకు చూసింది. ఈసారి అటు నుంచి వేళ్లు రాలేదు, మనిషే వచ్చాడు. వాళ్లాయన తెర మీదికి నడిచొచ్చి చెయ్యి ఊపుతూ ఏదో మొదలుపెట్టాడు. యాంకర్ "సార్, మీరు అభ్యర్థి కాదు సార్" అన్నాడు. అక్కడ చూడటానికి వచ్చి కూర్చున్న సంఘాల ఆడవాళ్లు నవ్వారు. సంధ్యా, మన మండలంలో ఆయన్ను చూసి జనం నవ్వడం నేను పుట్టాక ఇదే మొదలు.

నువ్వు అక్కడితో ఆగావా? వాళ్లవైపు తిరిగావు.

"సౌది, దుబాయి పోయినోళ్లు మీ ఇండ్లల్ల ఎందరు లేరు? వాళ్ల ఇకామా, గదే ఆడ ఉండనిచ్చే కార్డు, ఏ తారీఖు దాక ఉన్నదో ఎరుకున్నోళ్లు చేతులు లేపుండ్రి."

రెండే చేతులు లేచాయి.

"వడ్ల తేమ మనకు ఎరుక. మొగని కాగితం తారీఖు ఎరుక లేదు. వాళ్లు చెప్పరు, మనం అడగం. నేను గెలిస్తే ఇది మారుస్త. ఓడినా మారుస్త."

గది లేచి నిలబడింది. నేను హిందీలో చెప్పడం ఎప్పుడో ఆపేశాను, బెంగాలీ తమ్ముళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పళ్లేలు మోగించారు. ఇస్సాక్ భాయ్ కళ్లు తుడుచుకుని నా వీపు మీద ఒకటి వేశాడు. "ఏమప్పా, ఇంత పెండ్లాన్ని పెట్టుకోని మూల్లో దాక్కున్యావే, నీకేం పొయ్యేకాలం వచ్చింది?" అన్నాడు. నయీమ్ నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. హురూబ్ ఉన్నవాడిని గదిలో పెట్టుకుంటే గదిలో అందరికీ ప్రమాదం. తిడతాడనుకున్నాను. "పహ్‌లే బోల్‌నా థా, యార్" అని చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ముందే చెప్పాల్సింది అన్నాడు, అంతే.

ఇప్పుడు నా తప్పు విను. మేలో మా సైటు పని అయిపోయింది. సూపర్‌వైజర్ మన పక్క మండలం వాడే. "మూడు నెల్లు అవతలి సైటుల చెయ్యి, మన వీసా ఇచ్చిన కఫీల్‌కు నేను చెప్పిన" అన్నాడు. కాగితం అడగలేదు. మనోడే కదా, కాగితం అడిగితే ఏమనుకుంటాడో అనిపించింది. కంపెనీ బస్సులోనే దింపారు. జూన్‌లో ఆయన సెలవు మీద ఇంటికి పోయి తిరిగి రాలేదు. కొత్తాయన తలలు లెక్కపెట్టి, నేను లేనని పారిపోయినట్టు రాసిచ్చాడు. ఇకామా పోతే సిమ్ పోయింది. అందుకే ఫోన్ లేదు. లింబాద్రి ఫోన్‌లో మాట్లాడితే నా గొంతును బట్టి నువ్వు పసిగడతావని కాగితం పట్టాను. సైటూ లేదు, గేటూ లేదు. లింబాద్రి గదిలో వంట చేస్తున్నాను. మెట్రో మెట్లు కూడా దిగలేదు, ఎవరైనా కార్డు అడుగుతారని భయం.

టీవీ వద్దని నేను ఎందుకు అన్నానో ఇప్పుడు నీకు తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడిని నేను.

నువ్వు ఈరోజు గెలిచావు. ఓట్లు ఎప్పుడు పడితే అప్పుడు పడనీ. నన్ను ఏమన్నా అను.

నాగేందర్

*

రాగిపల్లి,
అక్టోబరు 13

బావకు,

ఏమన్నా అనమన్నావు కాబట్టి అంటాను.

నువ్వు పదకొండు లెక్కపెట్టినప్పుడు నేనేం చేశానో తెలుసా? లేచి వెళ్లిపోదామనుకున్నాను. నువ్వు ఎక్కడ పడుకుంటున్నావో, ఏం తింటున్నావో, అసలు బయట ఉన్నావో లోపల ఉన్నావో తెలియదు. ఎదురుగా ఆమె నవ్వుతోంది. అప్పుడు నాకు నీ ఉత్తరాల్లోని వద్దులన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఇంత బరువు మోస్తూ వీడు నన్ను నీళ్లు పక్కన పెట్టుకోమని రాశాడే అనుకున్నాను. అందుకే నీళ్లు తాగాను. ఆ గుక్కతో గొంతు వచ్చింది.

కానీ బావా, ఉమక్కను మూడు నెలలు ఎందుకు దాచావని నిలదీశాను. అదే ప్రశ్న నీకూ ఉంది. ఆమె పరాయిది. నువ్వు? నేను తాళం పగలగొట్టిన మనిషినని నీకు తెలుసు. నీ కష్టం వింటే నేను చస్తాననుకున్నావా? నీ మీద పడ్డ హురూబ్ కంటే నాకు చెప్పకపోవడమే నన్ను ఎక్కువ నొప్పించింది. ఇది ఒక్కసారే రాస్తున్నాను. మళ్లీ రాయను, కానీ మరిచిపోను.

ఇప్పుడు ఇక్కడి సంగతి. శుక్రవారం సాయంత్రానికే ఆ ముక్క మండలమంతా ఫోన్లలో తిరిగింది. శనివారం పొద్దున మన వాకిట్లో ఆడవాళ్లు. చేతుల్లో ఫోన్లు, మొగుళ్లు పంపిన కార్డుల ఫోటోలు. "సంధ్యా, గిది తారీఖేనా? ఇగ గిదేంది, అరబ్బీల ఉన్నది" అని. ఆదివారానికి అరవై ఇళ్ల తారీఖులు రాశాను. అందులో తొమ్మిది దాటిపోయినవి ఉన్నాయి. ఆ తొమ్మిది మంది మొగవాళ్లూ ఇళ్లకు "బాగున్న" అనే చెప్పారు. మీరందరూ ఒకే బడిలో చదివారా?

అత్తమ్మ మొదట ఒక మూల కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని ఉమక్క ఇంటిదాకా నడిచిపోయింది. వాకిట్లో నిలబడి, "నా కొడుకును తిట్టాల్నంటే నేనున్న. నువ్వెవ్వలు తిట్టనీకి?" అని అరిచి తిరిగొచ్చి, రెండు రొట్టెలు ఎక్కువ తింది.

నువ్వు చేయవలసింది ఇది. ఇస్సాక్ భాయ్‌ను తీసుకుని మన ఎంబసీకి పో. దాక్కోవడం అయిపోయింది. నీ రహస్యం మండలమంతా తెలిశాక ఇంక ఎవరి నుంచి దాక్కుంటావు? తలెత్తుకుని పో. నీ పెళ్లాం టీవీలో నువ్వు దొంగవు కాదని చెప్పింది. ఆ మాట నిలబెట్టు.

ఓట్లు ముప్పయ్యో తేదీన.

సంధ్య

*

రియాద్,
అక్టోబరు 27

సంధ్యకు,

నీ ఉత్తరాన్ని ఫోన్‌లో చూసి కాగితం మీద ఎత్తి రాసుకుని, జేబులో పెట్టుకునే బయలుదేరాను. నాలుగు నెలల తర్వాత వీధిలో పగటి ఎండ తగిలింది. ఇస్సాక్ భాయ్ బండిలో కూర్చున్నానే కానీ, దారిలో పోలీసు బండి కనబడినప్పుడల్లా సీటులో కిందికి జారాను. "సక్కంగా కూసో అప్పా, కూసుంటే మనిషివి, జారితే దొంగవి" అన్నాడు ఆయన. చక్కగా కూర్చున్నాను. ఎవరూ ఆపలేదు.

ఎంబసీలో కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయిది మన నిజామాబాద్ వైపు. నా కాగితం చదువుతూ ఊరి పేరు దగ్గర ఆగింది.

"రాగిపల్లా? ఆ టీవీల మాట్లాడిన ఆమె మీకు ఎరుకేనా?"

"నా భార్య" అన్నాను.

ఆమె లేచి నిలబడింది, సంధ్యా. నా కోసం ఇంతవరకు ఏ ఆఫీసులోనూ ఎవరూ లేచి నిలబడలేదు. లోపలి అధికారి దగ్గరకు తనే తీసుకుపోయింది. ఆయన మొత్తం విని, నన్ను కంపెనీయే పంపిందని రుజువు ఏదైనా ఉందా అని అడిగాడు. నోటి మాట తప్ప ఏమీ లేదన్నాను. రుజువు దొరికితే పని సులువు, లేకపోతే చాలా కాలం పడుతుందని చెప్పాడు. దిగులుగానే తిరిగొచ్చాను.

మూడో రోజు సాయంత్రం మా గది తలుపు కొట్టింది ఎవరనుకున్నావు? మొండయ్య. ఉమారాణి తమ్ముడు. కంపెనీ గేటు దగ్గర హాజరు రాసేది వాడే. లింబాద్రి తలుపు మూయబోయాడు. నేను ఆపాను.

"అక్కకు చెప్పింది నేనే అన్నా" అన్నాడు. "ఊకె ముచ్చట చెప్పినట్టు చెప్పిన. టీవీల పెడ్తదని అనుకోలే. క్యాంపుల ఎవ్వలు నాతోని తింటలేరు. మూడు నెల్లు ఎరుకై నోరు మూసుకున్నోడా అని పిలుస్తున్రు."

వాడు ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. మే నెల గేటు రిజిస్టర్‌లో ఒక పేజీ. నన్ను అవతలి సైటుకు కంపెనీ బస్సులో పంపినట్టు, బస్సు నంబరు, టైము, కింద పాత సూపర్‌వైజర్ సంతకం. ఆ పేజీ ఐదు నెలలుగా వాడి బల్ల మీదే ఉంది. వాడిని కొట్టాలనిపించింది. చాయ్ ఇచ్చాను. నయీమ్ దగ్గర నేర్చుకున్నాను.

ఎంబసీ వాళ్లు ఆ పేజీని లేబర్ ఆఫీసుకు పంపారు. నిన్న పిలిచారు. కొత్త సూపర్‌వైజర్ కూడా వచ్చాడు. అక్కడి అధికారి పేజీ చూసి, "ఇది మీ రిజిస్టరేనా?" అని అడిగాడు. వాడు అవునన్నాడు. "మీ బస్సేనా?" అవునన్నాడు. "మీ బస్సు ఎక్కినవాడు మీ దగ్గర నుంచి ఎలా పారిపోయాడు?" అని అడిగాడు. నా వైపు తిరిగి అధికారి "ఖలాస్" అన్నాడు. అయిపోయింది అని. కంపెనీ హురూబ్ వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఇస్సాక్ భాయ్‌ను బండి ఎక్కనివ్వలేదు. ఆయన్ను మెట్రో ఎక్కించాను. కిటికీ దగ్గర నిలబడి, స్టేషన్ల పేర్లు గట్టిగా చదివాను. పక్కవాళ్లు చూశారు. చూడనీ!

మూడు రోజుల్లో నీ ఓట్లు. నాకు ఇప్పుడు నిజంగా నీ కోసమే భయంగా ఉంది.

నాగేందర్

*

రాగిపల్లి,
నవంబరు 2

బావకు,

ఇరవై ఏడు, పదకొండు!

ఇరవై ఏడు నావి. ఎంపీడీఓ ఆఫీసులో లెక్క చదువుతుంటే ఇరవై దాటాక నాకు వినబడటం మానేసింది. అత్తమ్మ పక్క నుంచి నన్ను గిచ్చి, "గెలిచినవ్, నోరు మూసుకో, ఈగలు పోతయి" అంది. బయట ఆడవాళ్లు నన్ను ఎత్తబోయి, నా బరువు తెలిశాక విరమించుకున్నారు. రంగులు చల్లారు. గోదాము తాళంచెవి నా చేతికి వచ్చింది. వెంటనే ఇంకో మూడు చేయించి, మూడు కేంద్రాల ఆడవాళ్లకు ఇచ్చాను. మబ్బు పడితే ఇక ఏ మొగవాడూ పెళ్లి నుంచి తిరిగొచ్చేదాకా ఆగనక్కర్లేదు.

అధ్యక్షురాలి కుర్చీలో మొదటి రోజు పదకొండు గంటలకు ఉమక్క వచ్చింది. ఒక్కతే వచ్చింది. వాళ్లాయన లేకుండా ఆ గుమ్మం దాటడం ఆమెకు అదే మొదటిసారేమో, ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. నేను లేచి కుర్చీ జరిపాను. ఆమె కూర్చుంది. తర్వాత ఫోన్ నా ముందు పెట్టింది.

"మా మొండయ్య కార్డు. తారీఖు చూడు సంధ్యా. నాకు సదవరాదు."

ఆగస్టులోనే అయిపోయింది. నీ మీద హురూబ్ అని అక్కకు చెప్పినవాడు తన ఇకామా పోయిందని అక్కకు చెప్పలేదు. ఆమె ముఖం చూస్తే నాకు గెలిచిన గర్వం కాదు, జాలి కలిగింది. వాడి పేరు రాసుకున్నాను. నీ సంగతి ఎంబసీలో చూసిన ఆ అమ్మాయి దగ్గరికే వాడిని కూడా పంపు. వాడిచ్చిన పేజీతోనే నువ్వు బయటపడ్డావు, మరవకు.

మొదటి మీటింగులో తీర్మానం చేశాం. ప్రతి ఊరి సంఘంలో ఒక పుస్తకం. గల్ఫ్‌లో ఉన్న ప్రతి మనిషి పేరు, పని, కంపెనీ, పాస్‌పోర్టు తారీఖు, ఇకామా తారీఖు. మూడు నెలలకోసారి ఇంటి ఆడది ఫోన్ చేసి అడగాలి, అడిగినట్టు సంతకం పెట్టాలి. ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. ఉమక్కకు అందులో ఓటు లేదు, అయినా చెయ్యి ఎత్తింది.

ఒక చిక్కు వచ్చింది. పుస్తకంలో మొదటి పేరు రాయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. పరువు పోతుందని. ఎవరి మొగుడి తారీఖు దాటిపోయిందో వాళ్లే వెనక్కి తగ్గుతున్నారు. నీ పేరు రాయవచ్చు. కానీ అధ్యక్షురాలి మొగుడి పేరు, పక్కన హురూబ్ అన్న మాట, ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. "నీది వదిలెయ్, ఎట్లనో తీరిపాయె గద" అంటున్నారు. నిన్ను అడగకుండా రాయను. టీవీలో నీ అనుమతి లేకుండానే నీ సంగతి నలుగురిలో పడింది. ఈసారి నువ్వే చెప్పు.

పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

సంధ్య

*

రియాద్,
నవంబరు 9

అధ్యక్షురాలు సంధ్య గారికి,

ఇరవై ఏడు అని లింబాద్రి చదవగానే నయీమ్ "సత్తాయీస్!" అని అరిచి మెట్ల మీదికి పరుగెత్తాడు. పై అంతస్తు వాళ్లు క్రికెట్ అనుకున్నారు. కాదని తెలిసినా వాళ్లూ స్వీట్లు తిన్నారు.

నాకు నిన్న ఇంటికి పోయే ఎగ్జిట్ కాగితం వచ్చింది. పదహారో తేదీ తెల్లవారుజామున విమానం. మొండయ్యను నేనే వెంట ఉండి ఎంబసీకి తీసుకుపోయాను. వాడి పని మొదలైంది. గదిలో అందరి కార్డులూ తీయించి తారీఖులు గోడ మీద రాశాను. ఇద్దరివి దాటి ఉన్నాయి. ఇద్దరినీ కూర్చోబెట్టి, నా ఎదురుగానే ఇంటికి ఫోన్ చేయించాను. మొదట నసిగారు. తర్వాత చెప్పారు. అటు నుంచి తిట్లు వినబడ్డాయి, తర్వాత ఏడుపులు, తర్వాత "తిన్నవా" అన్న మాట. ఆ వరుస నాకు బాగా తెలుసు.

పుస్తకం సంగతి అడిగావు. వదిలేస్తే ఎలా? నేను దాక్కున్నప్పుడు ప్రతి రోజూ, నా పేరు ఎవరికీ తెలియకూడదని కోరుకున్నాను. ఇప్పుడు ముప్పై ఎనిమిది ఊళ్లకు తెలియాలని కోరుకుంటున్నాను. నా పేరు చూసి రెండో పేరు రాయడానికి ఒకామెకు ధైర్యం వస్తుంది. రెండోది చూసి మూడోది. కాబట్టి రాయి. నేను చెబుతున్నది చెబుతున్నట్టు, ఒక్క ముక్క తగ్గించకుండా రాయి.

ఒకటి. నాగేందర్, తండ్రి కీర్తిశేషులు రాజలింగం. ఊరు రాగిపల్లి. పని తాపీ మేస్త్రీ. కాగితం అడగకుండా నోటి మాట నమ్మాడు. జూన్ నెలలో హురూబ్. నాలుగు నెలలు ఇంట్లో చెప్పలేదు, తప్పు అతనిది. అక్టోబరు ఇరవై ఆరున హురూబ్ తీసేశారు. నవంబరు పదహారున ఇంటికి వస్తున్నాడు. భార్యకు అంతా తెలుసు.